మట్టి కుట్టు

పోయిన వారం మనం కోడల్ని టైలరమ్మ షాపు ముందు, సగం దించిన షట్టరు ఎదుట, వానలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా తడుస్తూనే ఉంది. ముందు ఆమెను ఇంటికి చేరుద్దాం.

ఈ వారమే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఊరంతా 'మిలట్రీ' అని పిలిచే పెద్దాయన ఆమెకు మామగారు. కుర్రతనంలో యుద్ధం చేసి, ఆ తర్వాత జీవితమంతా మొక్కజొన్న పండించిన మనిషి. ఆయన నడిచొస్తుంటే టీ కొట్టు బెంచీ మీద కాళ్లు చాపుకున్నవాళ్లు తమకు తెలియకుండానే ముడుచుకుంటారు. పొలం గట్టు కోసం కొట్టుకున్న అన్నదమ్ములు కోర్టు మెట్ల కన్నా ముందు ఆయన ఇంటి మెట్లు ఎక్కుతారు. యుద్ధంలో తన స్నేహితుడు చనిపోతే, తుపాకీ గుళ్ల మధ్య ఆ శవాన్ని భుజాన మోసుకొచ్చి, కాన్వాసు సంచిలో పెట్టి ఊరిదాకా తెచ్చి అప్పగించాడన్నది ఇక్కడి పిల్లలు అక్షరాల కన్నా ముందు నేర్చుకునే కథ. ఆ స్నేహితుడు పటాలంలో చేరకముందు టైలరు. ఆయన భార్యే మన టైలరమ్మ. అప్పటికి చంకలో ఉన్న పిల్లే మన కోడలు. పెరిగి పెద్దదయ్యాక ఆ పిల్లను తన కొడుక్కి చేసుకున్నాడని ఊరు మిలట్రీని ఇంకో మెట్టు పైన కూర్చోబెట్టింది.

రేపు పొద్దున మార్కెట్ యార్డు ముందు ఆయన పేరిట కట్టిన ఆర్చీ ప్రారంభం. వేదిక మీద ఆ కథ చెప్పాల్సింది కోడలు. "నువ్వు చెబితేనే అందం తల్లీ, జనం కళ్లు తుడుచుకోవాలి" అని యార్డు ప్రెసిడెంటు ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్లాడు. ఆ సంగతి తల్లికి చెబుదామనే కోడలు షాపుకు వెళ్లింది. టైలరమ్మ మెషీను ఆపి, "ఆ వేదిక ఎక్కకు" అంది. ఎందుకని అడిగితే మళ్లీ మెషీను తొక్కడం మొదలుపెట్టింది. మాట మారుద్దామని కోడలు ఇంటి కబుర్లు చెప్పింది. మామయ్య ఏటా పట్టుకెళ్లే బస్తా ఈసారి తిరిగొచ్చిందని అంది. అంతే. టైలరమ్మ లేచి, మేకుకు వేలాడుతున్న ఎడమచేతి కత్తెరను దించింది. అది వాళ్లాయన కత్తెర. ఇంకెవరి చేతికీ లొంగదు, అయినా దాని మీద ఏనాడూ తుప్పు పడనివ్వలేదు. దానికి నూనె రాస్తూ, "ఇక నువ్వెళ్లు" అని పట్టపగలు షట్టరు దించడం మొదలుపెట్టింది.

కన్నతల్లి పొమ్మన్నాక నిలబడి ఏం చేస్తుంది? కోడలు గొడుగు తెరిచి నడక సాగించింది.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఒకసారి లోపలికి వచ్చిందంటే ఇల్లంతా తనదే అంటుంది. దారిలో శ్మశానం గోడ పక్కనుంచి వస్తుంటే తండ్రి సమాధి రాయి వానలో నల్లగా కనిపించింది. ఆమెకు ఆ రాయిని చూస్తే ఏడుపు వచ్చేది. ఇవాళ రాలేదు. ఇవాళ ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఈ దారిన ఎప్పుడు వెళ్లినా మామగారు ఆగి, అక్కడున్న ప్రతి సిపాయి రాయికీ సెల్యూట్ కొడతారు. నాలుగు అక్షరాలు కూడా మిగలని పాత రాళ్లకు కూడా. భుజాన మోసుకొచ్చిన స్నేహితుడి రాయి దగ్గర మాత్రం చెయ్యి పైకి లేవదు. తల పక్కకి తిప్పుకుని సాగిపోతారు. దుఃఖం ఎక్కువై చూడలేకపోతున్నారని ఇన్నేళ్లూ ఆమె అనుకుంది. అనుకోవడమే కాదు, ఆ తిప్పుకున్న తలని చూసి ఆయన మీద ప్రేమ పెంచుకుంది. ఇప్పుడు ఆ ప్రేమకే చెద పట్టినట్టుంది.

గేటు దగ్గర అత్తగారు తల మీద గోనెపట్టా కప్పుకుని ఎదురొచ్చింది.

"ఎక్కడికి పోయావే తల్లీ? ఇక్కడ కొంపలంటుకుంటుంటే! వాగు కట్ట జారిపోతోందంట. నీ మొగుడు ట్రాక్టరేసుకుని పోయాడు. కూలీలు బస్తాల్లో మట్టి నింపుతున్నారు. మీ మామయ్యేమో దబ్బనం పట్టుకుని కూచున్నాడు గానీ, ఆ బొటనవేలు వంగట్లేదు. నేను కుడతానంటే నీకు కళ్లు కనపడవు పొమ్మంటాడు. ఆయనకి మాత్రం ఏం కనపడుతున్నాయని?"

"మట్టి బస్తాలు ఆయనే కుట్టుకుంటారుగా అత్తయ్యా, ఎవర్నీ ముట్టుకోనివ్వరుగా."

"అదే నా మొత్తుకోలు. గింజ బస్తాలు మాత్రం ఊరందరికీ నేర్పాడు. మట్టి బస్తాల దగ్గరకొస్తే గుమ్మానికి వీపు తిప్పి కూచుంటాడు, అదేదో మంత్రమైనట్టు." అత్తగారు గొంతు తగ్గించింది. తగ్గించినా ఆవిడ గొంతు పక్కింటిదాకా వెళుతుంది, అది వేరే సంగతి. "మీ అమ్మ రేపు వస్తోందా?"

"రాదంట."

"నాకు తెలుసు. ఆవిడ గుండె రాయి. ఏమనుకోకు, ఉన్నమాట. ఆ సంచి దించిన రోజు నేనక్కడే ఉన్నాను. వీధి చివరిదాకా వినపడేట్టు ఏడ్చిన మనిషి, సంచి మీద చెయ్యి వేసి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడిమి, ఠక్కున ఆపేసింది. మళ్లీ కంట నీరు పెట్టలేదు. మనిషన్నాక అట్లా ఉంటారా?"

ఈ మాట కోడలు వంద సార్లు విన్నదే. ఈసారి కూడా విని ఊరుకుని, గోదాములోకి వెళ్లింది.

గోదాములో తడిసిన గోనె వాసన, మొక్కజొన్న దుమ్ము వాసన కలిసి కొడుతున్నాయి. మిలట్రీ ముక్కాలి పీట మీద, ఎప్పటిలాగే గుమ్మానికి వీపు తిప్పి కూర్చున్నాడు. ముందు మట్టి నింపిన బస్తాలు నోళ్లు తెరుచుకుని వరసగా ఉన్నాయి. ఆయన కుడి బొటనవేలు వాచి ఎర్రగా ఉంది. వెనక మూల, టార్పాలిను పట్టా కింద, ఆ తిరిగొచ్చిన బస్తా అలాగే ఉంది.

ఆ బస్తా సంగతి కూడా చెప్పాలి. ఏటా కోతలు కాగానే ఆయన మొదటి బస్తా విడిగా తీసి, తన చేత్తో కుట్టి, దాన్నెక్కించుకుని బస్సెక్కుతాడు. "ఓ పాత నేస్తానికి" అంటాడు. ఎవరా నేస్తం, ఏ ఊరు అంటే, "మీకు తెలీదులే" అంటాడు. ఈ ఏడూ అలాగే వెళ్లొచ్చాడు. వారం తిరక్కుండా ఓ లారీవాడు ఆ బస్తాని గేటు దగ్గర దించేసి పోయాడు. "అలిగి పుట్టింటికొచ్చిన పిల్లలా వచ్చేసిందే!" అని అత్తగారు నవ్వింది. ఆయన నవ్వలేదు. మొహం తెల్లబడి, దాన్ని మూలన పడేయించి, "ఎవరూ కదపొద్దు" అన్నాడు. ఆ పూట కంచం ముందు కూర్చుని లేచిపోయాడు.

"మామయ్యా, నేను కుడతాను. ఇలా ఇవ్వండి."

"వద్దమ్మా. నీకు రాదు."

"చూపించండి, వస్తుంది. కట్ట తెగాక ఎంత బాగా కుట్టినా ఏం లాభం?"

ఆ మాటకు ఎదురు చెప్పలేక పెద్దాయన పీట కొంచెం జరిపాడు. బయట కూలీల పారల చప్పుడు, దూరంగా ట్రాక్టరు మూలుగు వినిపిస్తున్నాయి. ఆయన దబ్బనంలో పురికొస ఎక్కించి, వాచిన వేలితోనే ఒక బస్తా కుట్టి చూపించాడు.

"గింజ బస్తాకి నీకు నేర్పానుగా, ఒక్క కొస లాగితే సర్రున విడిపోతుంది. ఎందుకు? ఎవడో ఒకడు విప్పుకు తినాలి కాబట్టి. పట్టుకోడానికి రెండు మూలలా చెవులు వదుల్తాం. మట్టి బస్తాకి చెవులుండకూడదు. చెవుల్లోంచే నీళ్లు దూరతాయి. అందుకని మూలలు లోపలికి మడవాలి. రెండు పోట్లు ముందుకి, ఒకటి వెనక్కి, దాని మీద ముడి. మళ్లీ రెండు ముందుకి, ఒకటి వెనక్కి, ముడి. ఇది విప్పాలంటే కొయ్యాల్సిందే. మట్టిని ఎవడు విప్పుకుంటాడు?"

కోడలు బస్తా ముందు కూర్చుని దబ్బనం అందుకుంది. మూలలు లోపలికి మడిచింది. రెండు ముందుకి. ఒకటి వెనక్కి. ముడి. మూడో ముడి దగ్గరకొచ్చేసరికి తాను బస్తా వైపు చూడటం లేదని ఆమెకు తెలిసింది. వేళ్లు వాటంతట అవే నడుస్తున్నాయి.

ఈ కుట్టు ఆమెకు వచ్చు. చిన్నప్పటినుంచీ వచ్చు.

ఆమె దిండుది ఈ కుట్టే. పుట్టింట్లో తల పెట్టుకున్న దిండు, అత్తింటికి తెచ్చుకున్న దిండు. దానికి మూలలు ఉండవు, లోపలికి మడిచి ఉంటాయి. అంచు చిరిగినప్పుడల్లా తల్లి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె చేతే కుట్టించేది. దగ్గర దారి కదా అని మామూలు కుట్టు వేస్తే, కొలత టేపుతో వేళ్ల మీద చురక పడేది. "ఇంకో కుట్టు వెయ్యకు. ఇది మర్చిపోకు" అనేది. ఇదెక్కడిదమ్మా అని ఒకసారి అడిగితే, "మీ నాన్న వచ్చిన సంచిది" అని చెప్పింది. తండ్రికి గుర్తుగా దాచుకుందని కోడలు అనుకుంది. ఆ దిండు మీద చెంప పెట్టుకుని ఎన్ని రాత్రులు నిద్రపోయిందో.

మట్టిని ఎవడు విప్పుకుంటాడు?

ఆమె రెండో బస్తా లాక్కుంది. గొంతు మామూలుగా ఉండటానికి దబ్బనం మీదే చూపు నిలిపింది.

"మామయ్యా, యుద్ధంలో పోయినవాళ్లని సంచిలో పెట్టేవారు కదా. వాటికి ఏ కుట్టు వేసేవారు?"

"పొడుగు కుట్టు." ఆయన ఇంకో బస్తా మూతి సరిచేస్తూ అలవోకగా అన్నాడు. "వదులుగా, నాలుగు పోట్లు. ఇంటికి చేరాక వాళ్లవాళ్లు విప్పి మొహం చూసుకోవాలి కదమ్మా."

"మా నాన్నకీ అదేనా?"

పెద్దాయన చేతులు ఆగాయి. ఆగిన సంగతి తనకే తెలిసినట్టుంది, వెంటనే మళ్లీ కదిలాయి.

"అదే. అందరికీ అదే."

తేలు కుట్టిన దొంగ అరవలేడు, అరవకుండా ఉండలేడు. కోడలు తలెత్తి చూసేసరికి ఆయన మొహం అలాగే ఉంది. ఆమె నోరు తెరిచింది. అంతలో బురద చిమ్ముకుంటూ ట్రాక్టరు గుమ్మం ముందు ఆగింది.

"అయినయ్యెన్ని?" ఆమె మొగుడు ఇంజను ఆపకుండానే కేకేశాడు. మోకాళ్లదాకా బురదతో గోదాములోకి వచ్చి, కుట్టిన బస్తాల వంక, పెళ్లాం చేతిలో దబ్బనం వంక చూసి కళ్లింత చేసుకున్నాడు. "అరె! నాన్నా, నాక్కూడా నేర్పని విద్య కోడలికిచ్చేశావే!"

"నీకు నేర్పితే దబ్బనం బస్తాలోనే కుట్టేస్తావు" అంది ఆమె. అన్నది తనేనా అని తనకే ఆశ్చర్యం వేసింది. నోరు ఇంట్లో మనిషిలా మాట్లాడుతోంది, లోపల వేరే ఎవరో కూర్చుని అందర్నీ గమనిస్తున్నారు. ఈయనకి తెలుసా? తెలిసీ ఇంతకాలం నా పక్కన పడుకున్నాడా? అతను బస్తాలు భుజానికెత్తుకుని, "త్వరగా కానివ్వండి, కట్ట ఇంకో జానెడు జారింది" అంటూ వెళ్లిపోయాడు. ఆ బురద కాళ్లలో మోసం ఏమీ కనిపించలేదు. కానీ ఇవాళ ఆమె ఏ కాళ్లనూ నమ్మే స్థితిలో లేదు.

ట్రాక్టరు చప్పుడు దూరమయ్యాక ఆమె దబ్బనం మట్టిలోకి గుచ్చి వదిలేసింది.

"మామయ్యా, అబద్ధం చెప్పారు."

"ఏంటమ్మా?"

"మా నాన్న సంచిది ఈ కుట్టే. నా దిండు చూస్తారా? మా అమ్మ ఆ సంచి కుట్టు చూసి దిండుకీ అదే వేసింది. మూలలు మడిచి, రెండు ముందుకి ఒకటి వెనక్కి. విప్పకండి, చూడలేరు అని మీరు అన్నారట కదా. ఎందుకు విప్పొద్దన్నారు? ఏముంది దాన్లో?"

మిలట్రీ ఆమె మొహం చూడటం లేదు. ఆమె కుట్టిన బస్తాని చూస్తున్నాడు. మెల్లగా చెయ్యి చాపి, ముడుల వరస మీద వేలితో రాశాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. తర్వాత తాను కుట్టిన బస్తా మీద రాశాడు.

"నీది కుడిచేతివాటం" అన్నాడు.

"నేనడిగిందేంటి, మీరు చెప్పేదేంటి?"

"నీ ముడులు ఎడమకి పడ్డాయి."

ఆమె చూసింది. నిజమే. ఆయన కుట్టిన బస్తా మీద ముడులన్నీ కుడికి వాలి ఉన్నాయి. ఆమెవి ఎడమకి. దిండు మీద కూడా ఎడమకే. తల్లి అలా వేయించేది. కుడిచేత్తో ఎడమకి ముడి వేయాలంటే మణికట్టు మెలితిప్పాలి. ఎందుకొచ్చిన తిప్పలో చిన్నప్పుడు అర్థం కాక ఏడ్చేది.

"మీ అమ్మ ముడి కూడా మార్చలేదన్నమాట" అన్నాడు పెద్దాయన. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. ఊళ్లో పంచాయితీలు తీర్చే గొంతు కాదది. "చెల్లెమ్మకి తెలుసు. మొదటిరోజునుంచీ తెలుసు. నాకు తెలీదు, ఆవిడకి తెలుసని. ఎందుకు నా గడప తొక్కదో ఇప్పుడర్థమైంది."

"ఏం తెలుసు? చెప్పండి మామయ్యా! ఆ సంచి మీరే కుట్టారా?"

"నేను కాదు. చూశావుగా, నా ముడి కుడికి పడుతుంది." ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "కందకాల ముందు పేర్చే మట్టి బస్తాలు మొదట్లో రెండు వానలకే విడిపోయేవి. అప్పుడీ కుట్టు కనిపెట్టిందీ, మా అందరికీ నేర్పిందీ ఒక టైలరు. ఎడమచేతివాటం మనిషి. ఆ సంచి కుట్టిందీ ఆయనే."

షాపు గోడ మీది కత్తెర కళ్ల ముందు కదిలింది. కోడలు గోనెపట్టా మీద కూర్చుండిపోయింది. పోయిన మనిషి తన సంచి తాను కుట్టుకోడు. అంత మాత్రం తెలియడానికి చదువులు అక్కర్లేదు.

"ఓ రోజు తుపాకీ కింద పెట్టేశాడమ్మా. ఇక నావల్ల కాదన్నాడు. ఒకణ్ణి కాల్చమన్నారు, కాల్చనన్నాడు. ఆ వివరం ఇంకోసారి చెబుతా. దొరికితే ఆయన్నే కాల్చేసేవాళ్లు. ఇంటికొస్తే వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చేవాళ్లు, పారిపోయినవాడి పెళ్లాం పిల్లలని మిమ్మల్ని బతకనిచ్చేవాళ్లు కాదు. అందుకని చచ్చిపోయాడని నేను రాయించాను. సంచిలో మట్టి పోశాం. నేను కుట్టబోతే, ఇలా ఇవ్వరా అని లాక్కున్నాడు. పొడుగు కుట్టు వెయ్యమన్నాను, అనుమానం రాకుండా. వినలేదు. ఇదే వేశాడు. కొస పంటితో తెంపి, 'విప్పక్కర్లేదు. మా ఆవిడ ఒక్కసారి చేత్తో తడిమితే చాలు' అన్నాడు. ఏడుపులో పిచ్చిమాట అనుకున్నాను."

వీధి చివరిదాకా వినపడేట్టు ఏడ్చిన మనిషి, ఠక్కున ఆపేసింది. గుండె రాయి అన్నారు అందరూ. తానూ ఎన్నోసార్లు మనసులో అలాగే అనుకుంది. తల్లి మీద కోపంతో తండ్రి రాయి దగ్గరకెళ్లి ఏడ్చిన రోజులు గుర్తొచ్చి కోడలికి సిగ్గుతో ఒళ్లు మండింది. మట్టి ముందు కూర్చుని ఏడ్చింది తను. మామగారు ఆ రాయికి సెల్యూట్ కొట్టకపోవడంలో వింతేముంది?

సిగ్గు వెనకాలే కోపం వచ్చింది.

"మరి నన్నెందుకు తెచ్చుకున్నారు ఈ ఇంటికి? కోడలిగానా, మీ అబద్ధానికి కాపలాగానా?"

పెద్దాయన దెబ్బ తిన్నట్టు చూశాడు. అయినా తప్పించుకోలేదు.

"మొదట కాపలాకే. నువ్వు నా ఇంట్లో ఉంటే ఈ సంగతి నా ఇల్లు దాటదనుకున్నాను. నువ్వొచ్చిన ఏడాదికే నాకు ఆ భయం పోయింది, ఇంకోటి పట్టుకుంది. నీకు తెలిస్తే నన్ను మామయ్యా అని పిలవ్వేమోనని." ఆయన మట్టిలోంచి దబ్బనం లాగి పక్కన పెట్టాడు. "ఆర్చీ వద్దని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను, ఆ ప్రెసిడెంటు వినలేదు. వద్దనేకొద్దీ ఎంత వినయమో అన్నాడు. రేపు నువ్వు వేదికెక్కి ఏం చెప్పినా నేను కింద కూచుని వింటాను. నిజం చెప్పినా సరే."

ఆయన కొడుక్కి తెలుసా అని అడగబోయి మానేసింది. అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది.

"ఉన్నాడా?"

మిలట్రీ మూలనున్న పట్టా వైపు చూశాడు.

"ఏటా ఆ బస్తా ఎవరికనుకున్నావు?" అన్నాడు. "మన చేలో మొదటి పంట. నీ చేత్తో నాటింది, నీ చేత్తో కోసింది. అది తింటే కూతురింట్లో తిన్నట్టుంటుందనేవాడు. ఈసారి వెళ్తే తలుపుకి తాళం. చుట్టుపక్కల ఎవర్ని అడిగినా తెలీదన్నారు. గుమ్మంలో పెట్టి వచ్చేశాను. అది కాస్తా తిరిగొచ్చింది. ఇక తీసుకునే మనిషి లేడన్నమాటే కదా. దాని మొహం చూసే ధైర్యం లేక పట్టా కప్పేశాను."

కోడలు లేచి మూలకు నడిచింది. తండ్రి ఉన్నాడని తెలిసిన పూటే లేడని కూడా తెలియడమా? దేనికి ఏడవాలో తెలియక, ఊరికే చేతులకు పని కావాలన్నట్టు పట్టా పట్టుకుని లాగేసింది. ఆ బస్తాని, తన పంట తిన్న మనిషి గుమ్మం చూసొచ్చిన బస్తాని, ఒకసారి ముట్టుకోవాలనిపించింది. మూతి పట్టుకుందామని చెవి కోసం వెతికింది.

చెవి లేదు.

రెండో మూల వెతికింది. అక్కడా లేదు. మూలలు లోపలికి మడిచి ఉన్నాయి.

ఆమె వేళ్లు అంచు వెంట నడిచాయి. రెండు ముందుకి, ఒకటి వెనక్కి. ముడి ఎడమకి పడింది. తర్వాతదీ ఎడమకే. ఆ తర్వాతదీ. బస్తా పొట్ట మీద అరచేయి ఆనించి గట్టిగా నొక్కింది. గింజైతే వేళ్ల కింద కదలాలి. కదల్లేదు.

"మామయ్యా, దీన్ని ఏ కుట్టుతో కుట్టి తీసుకెళ్లారు?"

"గింజ కుట్టే. ఎప్పుడూ అదే. విప్పుకు తినాలి కదా."

"అయితే మీరొచ్చేశాక ఎవరో విప్పారు. విప్పి, మట్టి పోసి, మళ్లీ కుట్టారు. వచ్చి చూడండి."

పెద్దాయన పీట తన్నుకుని లేచాడు. వచ్చి, వాచిన బొటనవేలితో ఒక్కొక్క ముడినే తడిమాడు. సగం దాకా వెళ్లి గోడకు చేరగిలబడ్డాడు.

"ఆయనదే" అన్నాడు. "ఆ చెయ్యే. మళ్లీ మట్టి పంపాడు. అప్పుడు మట్టి పంపింది బతికున్నానని చెప్పడానికి. ఇప్పుడు దేనికి? ఎవరికి?"

కోడలికి ఆ ప్రశ్నలతో పని లేదు. విప్పక్కర్లేని కుట్టు విప్పాలంటే కొయ్యాల్సిందేనని ఇందాకే నేర్చుకుంది. గోడకున్న కొడవలి అందుకుంది. మొదటి ముడి మీద మొన ఆనించింది.

"కొయ్యకు."

ఇద్దరూ తిరిగి చూశారు. ఇన్నేళ్లలో ఆ ఇంటి గడప తొక్కని టైలరమ్మ గోదాము గుమ్మంలో నిలబడి ఉంది. గొడుగు లేదు. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలో, తడవకుండా కొంగులో చుట్టుకుని తెచ్చిన ఎడమచేతి కత్తెర ఉంది.

పెద్దాయన్ని ఆవిడ చూడనైనా చూడలేదు. నేరుగా బస్తా దగ్గరకొచ్చి, ముడుల మీద అరచెయ్యి వేసి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మెల్లగా తడిమింది.

అప్పుడు, ఇన్నేళ్ల కిందట ఆపేసిన ఏడుపు ఎక్కడ ఆపిందో అక్కడినుంచే మొదలుపెట్టినట్టు, వాగు కట్ట మీదున్న కూలీలకు కూడా వినపడేట్టు ఏడ్చింది. ఆ ముడుల్లో ఆవిడ ఏం చదివిందో వచ్చే వారం.